ఆమె ఆకులో అన్నం వద్దు

మా వియ్యపురాలు పోయిందన్న ఫోను వచ్చేసరికి నా పొయ్యి మీద ఆమె గుడ్లు ఉడుకుతున్నాయి. నాలుగు ఆమెకు, రెండు నాకు. "అమ్మా, అత్తమ్మ లేస్తలేదు" అంది మా అమ్మాయి. అంతే అంది. నేను గ్యాసు కట్టేసి, గుడ్లను చన్నీళ్ళలో వేసి, చెప్పులు తొడుక్కున్నాను. సొన గట్టిపడితే ఆమెకు నచ్చదు. మనిషి లేదన్న మాట చెవిన పడ్డా చేతులు వాటి అలవాటు మానలేదు.

నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు. డెబ్బై దాటిన మనిషి, ఏళ్ళ తరబడి షుగరుతో కాపురం చేసిన మనిషి. సూరత్ పర్వత్ పాటియాలో ఉన్న మా తెలుగువాళ్ళంతా వచ్చారు. మనిషిని ఇంకా మంచం మీంచి కిందికి దించనేలేదు, తీర్పు మాత్రం వచ్చేసింది.

"పదేండ్ల సంది అన్నం ముట్టలే. గిట్ల కాకుంటె ఎట్లయితది?" అంది ఆమె పెద్ద తోటికోడలు, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. చుట్టూ ఉన్న తలలన్నీ ఊగాయి.

శవం పక్కన నోరు చేసుకోవడం మర్యాద కాదని ఆ రోజు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. ఆమె భర్త మూడు పూటలా అన్నం తిన్నవాడు. మగ్గాల కాడికి కూడా గిన్నె నిండా అన్నమే మోసుకుపోయేవాడు. యాభై దాటగానే పోయాడు. ఆయన్ని అన్నం చంపిందని ఈ తలల్లో ఒక్కటీ ఊగలేదు. అన్నం తిని పోతే ఆయుష్షు తీరిందంటారు, అన్నం మాని పోతే తిక్క కుదిరిందంటారు. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పాలి.

అంత మాంసం, అంత నెయ్యి గుండెకు మంచివి కావని ఆ డాక్టరు ఆమెకు చెబుతూనే ఉండేవాడు. ఆయన మాట నిజమే కావచ్చు. నేను సూరత్‌లో తెలుగు బడి పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. కళ్ళారా చూసింది మాత్రం చెబుతాను. మా ఇంటి మెట్ల దగ్గర నిలబడి, పైకి చూసి నిట్టూర్చే మనిషి, ఈ తిండి పట్టాక కూరగాయల సంచీతో నాకన్నా ముందు ఎక్కేది. ఎక్కి, పైనుంచి వంగి, "వస్తున్నవా, నేనే దిగి రావాల్నా?" అని అడిగేది.

నిజానికి ఇది మొదలుపెట్టింది మా అమ్మాయి. ఫోనులో ఎవరో చెప్పారట, ఆదిమానవుల తిండి, పేలియో అని. అన్నం, రొట్టె, పప్పు, చక్కెర, బెల్లం ఏవీ ఉండవు. మాంసం, చేపలు, గుడ్లు, ఆకుకూరలు, కొబ్బరి, బాదంపప్పు ఉంటాయి. మా అమ్మాయి రెండు వారాలు ఆదిమానవురాలిగా బతికి, ఒక సాయంత్రం వీధి చివర శనగపిండితో చేసే ఖమణ్ బండి దగ్గర దొరికిపోయింది. కోడలు వదిలేసినదాన్ని అత్త అందుకుంది. "గిన్ని బాదంపప్పులు కొన్నరు. పారేస్తమా?" అదీ ఆమె చెప్పిన కారణం.

అన్నం మానినవాళ్ళకు మొదట తగ్గేది బరువు కాదు, మర్యాద. తలనొప్పి, చిరాకు. ఆ మొదటి రోజుల్లో ఆమె కొడుకుతో, పాలవాడితో, గోడ మీద దేవుడి పటంతో కూడా పోట్లాడింది. తరువాత నెమ్మదించింది. పాలవాడు మాత్రం మళ్ళీ రాలేదు.

అసలు చిక్కు ఇంటితో వచ్చింది. మా అల్లుడు కొన్న ఫ్లాటు శాకాహారుల సొసైటీలో ఉంది. మాంసం, గుడ్డు గడప దాటి లోపలికి రావని ఒప్పుకుంటేనే ఇల్లు ఇచ్చారు. మా గల్లీలో అంతా మన నేతవాళ్ళే. ఆదివారం నాడు ఏ ఇంట్లో ఏ కూరో ముక్కే చెబుతుంది. ఒకరోజు పొద్దున్నే ఆమె సంచీతో నా గుమ్మంలో నిలబడింది. వియ్యపురాలు చెప్పకుండా ఇంటికొస్తే కుర్చీ వేయాలి, చాయ్ పెట్టాలి, పిల్ల ఏం తప్పు చేసిందోనని గుండెలు బాదుకోవాలి. నేను మూడూ చేయబోయాను.

"చాయ్ ఒద్దు వదినె. మూకుడు ఏది?" అంటూ సంచీలోంచి మేక కార్జం పొట్లం తీసింది. "నీ బిడ్డ నా ఇంట్ల తింటంది. నేను నీ ఇంట్ల తింట. తప్పా?"

తప్పని ఎలా అంటాను? ఆనాటి నుంచి రోజూ వచ్చేది. ఆమె మిరియాలు దంచుతూ ఉంటే నేను పక్కన కూర్చుని నా ఇడ్లీ నేను తినేదాన్ని. ఒకనాడు నా ప్లేటు వంక జాలిగా చూసింది. "తిను, తిను. మెత్తగుంటది. పండ్లు లేనోళ్ళకు మంచిది."

నాకు అన్ని పళ్ళూ ఉన్నాయి. మరునాటి నుంచి నేనూ ఇడ్లీ మానేశాను. ఆరోగ్యం కోసమని ఊరందరికీ చెప్పాను గానీ, అది ఉత్త పంతం. పంతానికి పట్టిన తిండి పదేళ్ళు నిలిచింది. భక్తికి పట్టిన ఉపవాసాలు నాకు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

సైన్సు చెప్పినదాన్ని కదా, ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "ఆదిమానవులు మనంత వయసు దాకా ఎక్కడ బతికిన్రు వదినె? ముప్పయ్యో నలభయ్యో, అంతే."

"వాళ్ళను పులి తిన్నది. మనల్ని చక్కెర తింటంది. పులే నయం, ఒక్కసారి తింటది" అని, ఇంకో గుడ్డు ఒలుచుకుంది.

గుడ్డు తింటే పెదవి చివర పచ్చసొన అంటుకునేది. అలాగే మాట్లాడుతూ ఉండేది. "వదినె, మూతి" అనేదాన్ని నేను. "ఉండనియ్యి. తిన్నట్టు తెల్వాలె గద" అనేది. తినడం పూర్తయ్యేదాకా తుడుచుకునేది కాదు. పదేళ్ళు చెప్పాను, ఒక్కనాడూ వినలేదు.

పెళ్ళిళ్ళలో ఆమె పక్కన కూర్చోవడానికి గుండె ధైర్యం కావాలి. బగారా అన్నం వడ్డించేవాడు రాగానే ఆకు మీద చేయి అడ్డం పెట్టేది. మాంసం గిన్నె రాగానే చేయి తీసేది. ఒకసారి వడ్డించేవాడు విసుక్కున్నాడు. "ముక్కలన్నీ నీకే ఏస్తే మిగిలినోళ్ళకు షోర్వనే, పెద్దమ్మా."

"నా వాటా అన్నం వాళ్ళకే ఇచ్చిన గద బిడ్డా. వాళ్ళ వాటా ముక్కలు నాకు ఇయ్యి" అంది. బంతి అంతా నవ్వింది. వాడు ఇంకో గరిటె వేశాడు.

ఆశలు లేని మనిషి కాదు. చలికాలంలో ఊరంతా లేత జొన్న గింజలు కాల్చి, పొంక్ అని, సన్న కారప్పూస కలుపుకుని తింటుంది. ఆమె ఆ బండి ముందు ఆగి, కళ్ళు మూసుకుని, వాసన గుండెల నిండా పీల్చి కదిలేది. "ముక్కుకు పథ్యం లేదు వదినె" అనేది. ఇంట్లో అందరూ ఒక కంచంలో తింటూ ఉంటే వేరే డబ్బా విప్పుకుని తినడం ఎంత ఒంటరితనమో ఆ తిండి తిన్నవాళ్ళకే తెలుసు. ఆమె ఒంటరితనానికి నేను, నా ఒంటరితనానికి ఆమె.

పోయిన చలికాలంలో ఎవరిదో మూడోనాటికి వెళ్ళి వస్తున్నాం. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా వైపు పిట్టకు పెట్టుడు అని ఉంది. మనిషి పోయిన మూడోనాడు, మళ్ళీ పదోనాడు, పోయినవాళ్ళకు ఇష్టమైనవి ఆకులో పెట్టి కాకి కోసం చూస్తారు. అది ముడితే పోయినవాళ్ళు తృప్తిపడ్డట్టు. ముట్టేదాకా ఎవరూ తినరు. ఆటోలో ఆమె నా మోకాలి మీద చేయి వేసింది.

"నేను పోయినంక వీళ్ళు నా ఆకుల అన్నం కుప్ప పోస్తరు వదినె. మీదికెల్లి జిలేబి. బతికున్నప్పుడంటె ఒద్దన్న. సచ్చినంక ఎట్ల ఒద్దంట? నువ్వు పెట్టనియ్యకు."

"నేను ముందు పోతే?"

"నీకు ఇడ్లీ పెట్టిస్త."

నవ్వాను గానీ, ఆమె చేయి తీయలేదు. మాట ఇచ్చాను.

మూడోనాడు ఆ సొసైటీ డాబా మీద ఆకు వేశారు. అన్నం, పప్పు, గారెలు, జిలేబీ, చక్కెర వేసిన చాయ్. పదేళ్ళుగా ఆమె తాకనివన్నీ ఏరి తెచ్చినట్టు. అల్లుడిని పక్కకు పిలిచాను.

"డాబా మీద గుడ్డు పెడితే సెక్రటరీ మనల్నే బయట పెడ్తడు అత్తమ్మా" అన్నాడు.

"గుడ్డు పెట్టకు. అన్నం తీసెయ్యి."

తోటికోడలు విన్నది. "ఇన్నేండ్లు కడుపు మాడ్చుకున్నది. ఇప్పుడన్న తిననియ్యరా దాన్ని?" అంది. నేను నోరు తెరిచేలోగా అయ్యగారు కానివ్వండన్నాడు.

కాకి రాలేదు. ఆ డాబా మీద ఎవరో రోజూ పావురాలకు జొన్నలు చల్లుతారు. గుంపుగా పావురాలు దిగి, అన్నం మీద నడిచి, చాయ్ ఒలకబోసి, ఆకును ఆగం చేశాయి. "పిట్ట ముట్టింది, లేవుండ్రి" అని అందరూ భోజనాలకు దిగారు. పావురం ఎవరింటి అన్నమైనా తింటుంది. దాని సాక్ష్యం ఏ పంచాయితీలోనూ చెల్లదు.

మా అమ్మాయి నాకు ప్లేటు తెచ్చింది. "అత్తమ్మ పేరు మీద ఒక్క ముద్ద తిను అమ్మా. ఇగ నువ్వన్న మానెయ్యి ఈ తిండి. నాకు భయమైతంది."

దాని భయం నాకు అర్థమైంది. ఒక తల్లి పోయింది, రెండో తల్లి మిగిలింది. తల నిమిరాను, ప్లేటు మాత్రం తీసుకోలేదు. "మీ అత్త పేరు మీద తినేది అన్నమా?" అన్నాను.

పదోనాడు తాపీ నది ఒడ్డున. నదికి సెక్రటరీ లేడు. పొద్దున్నే కార్జం మిరియాలతో వేయించాను, పాలకూర నేతిలో మగ్గించాను, గుడ్లు సొన మెత్తగా ఉండేలా ఉడికించి సగాలుగా కోశాను. అయ్యగారు బియ్యప్పిండితో పిండాలు పెట్టించాడు. నేను పల్లెత్తు మాట అనలేదు. పిండం శాస్త్రానిది. ఆకు ఆమెది.

ఆకు వేయగానే దాని ముందు కూర్చుని డబ్బా విప్పాను. అన్నీ కొన్ని కొన్ని సర్దాను. తోటికోడలు అన్నం గిన్నెతో వచ్చి నిలబడింది.

"జరుగు వదినె."

"జరగ."

"పోయినోళ్ళను అన్నం లేకుండ పంపుతరా ఏడనన్న?"

"ఆమె ఒద్దన్నది."

"ఎవలు విన్నరు?"

"నేను విన్న. మీకు చెప్తే ఇనకపోదురని నాకు చెప్పింది."

గరిటె గాలిలో ఆగింది. నా మోకాళ్ళు లేవమన్నా లేచే స్థితిలో లేవు, అది వాళ్ళకు తెలియదు. అప్పుడు మా అల్లుడు వచ్చాడు, గుండుతో, తడి పంచెతో. ఆకు వంక చూశాడు.

"ఉండనియ్యి పెద్దమ్మా" అన్నాడు. "అమ్మ పొద్దున గిదే తింటుండె."

తోటికోడలు గిన్నె మీద మూత పెట్టింది.

కాకులు ఎంతోసేపు ఆగలేదు. కార్జం ఉన్న చోటికి కాకి వస్తుందని సైన్సు టీచరుకు తెలియక కాదు, తెలిసే వండాను. ఆమె తరఫున గెలవడానికి ఆ మాత్రం ఏర్పాటు చేసుకోవడం తప్పని నేను అనుకోను. అందరూ చేతులు జోడించారు. తోటికోడలు కాసేపు డబ్బాలోకి తొంగి చూసి, "ఉత్త మిరియాలేనా?" అంది. ఉత్త మిరియాలే అన్నాను.

వాళ్ళంతా అన్నాలకు నడిచారు. నేను అక్కడే కూర్చుని నా డబ్బా విప్పుకున్నాను. ఒక కాకి సగం గుడ్డు ఎత్తుకుపోయి స్నానఘట్టం రెయిలింగు మీద వాలింది. కాలి కింద అదిమిపట్టి, తీరిగ్గా, ఎవరికీ జడవకుండా తింది. నల్లటి ముక్కుకు పచ్చసొన అంటుకుని ఎండకు మెరుస్తోంది.

"వదినె, మూతి" అన్నాను.

తుడుచుకోలేదు.