రెండు పోనీలు

"...అన్నావని ఆయనా ఒప్పుకుంటున్నారు, నువ్వూ ఒప్పుకుంటున్నావు. ఏ పోనీ అన్నావన్నదేగా గొడవంతా!"

"పోనీకి రకాలుంటాయా అక్కా? పక్కన సైకిలు వస్తోంది. దాన్ని పోనీ అన్నాను. అంటే మనం ఆగాలనేగా?"

"మరి 'సైకిల్ని' అన్న ముక్క మింగేశావేం? చిన్నప్పుడూ అంతే, సగం మాట నోట్లోనే ఉండిపోయేది నీకు."

"బండి మలుపులో ఉంటే వ్యాసం చదవమంటావా?"

బయట మెట్టు మీద కూర్చుని డ్రైవరు చెప్పుల పట్టీలు బిగించుకుంటున్నాడు. లోపల పోట్లాడుకుంటున్నది అతని భార్య, ఆమె తమ్ముడు. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగినా వెలగకపోయినా ఈ పోట్లాట మాత్రం తప్పడం లేదు. పట్టీలు బిగించడం అయిపోయింది. అతనికి లేవబుద్ధి కాలేదు.

లారీ షెడ్డులో అతన్ని నిదానం అని పిలిచేవారు. "నిదానం బండికి ఎత్తితే సరుకు దిగేలోపు పాతబడుతుంది" అని నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. కుర్రతనంలో లారీలు కడిగే పనికి చేరి, కడిగిన లారీలను షెడ్డులో ఇటునుంచి అటు జరపడంతో స్టీరింగు నేర్చుకున్నాడు. లైసెన్సు వచ్చిన రోజున భార్యను ఎక్కించుకుని ఊరి చుట్టూ తిప్పాడు. ఆమె కిటికీ ఊచ వదలకుండా పట్టుకుని, "ఇంత ఎత్తునుంచి చూస్తే మనుషులు కనపడరేమండీ" అంది. అందుకే పక్కన ఇంకో మనిషి ఉంటాడని చెప్పాడు.

ఆ ఇంకో మనిషి చాలాకాలం ఒక ముసలి క్లీనరు. తల కిటికీలోంచి బయటికి పెట్టి ఎడమవైపు చూసి చెప్పేవాడు. అతని నోట రెండే మాటలు: ఆపు, పోనీ. పోనీ అంటే దారి ఖాళీగా ఉంది, బండి కదిలించు అని. ఆ గొంతు వినపడగానే డ్రైవరు కాలు దానంతటదే కదిలేది. ముసలాయన మానేశాక, "మా తమ్ముడు ఖాళీగా ఉన్నాడండీ" అని భార్య బతిమాలితే బావమరిదిని ఎక్కించుకున్నాడు. అతను అంతకుముందు బట్టల కొట్లో పనిచేశాడు. ఒక చీర నచ్చకపోతే "పోనీ ఇది చూడండి" అంటూ ఇంకోటి పరిచిన నోరు.

ఆ రోజు గోడౌన్ సందులోంచి సరుకుతో బయటికొచ్చి, పెద్దరోడ్డు మీద కొంత దూరం వెళ్ళి, నాలుగురోడ్ల దగ్గర ఎడమకు తిరగాలి. పొడుగు లారీ ఎడమకు తిరగాలంటే ముందు కాస్త కుడికి జరగాలి. జరిగితే ఎడమపక్కన సైకిలు దూరేంత ఖాళీ ఏర్పడుతుంది. తిరిగే బండి ఆగి, నేరుగా పోయేవాళ్ళకు దారి ఇవ్వాలన్నది లైసెన్సు పరీక్షలో అడిగే మొదటి ప్రశ్న. బావమరిది తల బయటికి పెట్టి, "పోనీ" అన్నాడు. డ్రైవరు తిప్పాడు.

సైకిలు మీద వస్తున్నది తాళాలు బాగుచేసే మనిషి. సైకిలు వెనక కట్టిన చెక్కపెట్టె పగిలి తాళంచెవులు రోడ్డంతా చిందాయి. కింద పడి ఉండి కూడా, "ఎవరివో చెవులు, తొక్కకండయ్యా" అన్నాడట. మోకాలి కింద కాలు తీసేశారు.

రేపు విచారణ. నిన్న లారీ యజమాని బావా బావమరుదులిద్దర్నీ కూర్చోబెట్టుకుని, "అతనికి ఏమీ గుర్తులేదట. చూసినవాళ్ళు లేరు. రాంగ్ సైడులో వచ్చి చక్రం కింద దూరాడని ఇద్దరూ ఒక్కమాట మీద ఉండండి" అన్నాడు. "లైసెన్సు పోతే ఏం చేస్తావయ్యా నిదానం? మళ్ళీ లారీలు కడుగుతావా?"

డ్రైవరు తల వంచుకుని వచ్చేశాడు. చక్రం తిప్పడం తప్ప ఏ పనీ రాని చేతులు.

లోపల పోట్లాట మళ్ళీ మొదలైంది. దాన్ని ఆపాలని అతనికి అనిపించలేదు. ఏ పోనీ అన్నదాని గురించి ఎంతసేపు కొట్టుకుంటే అంతసేపు అద్దం మాట రాదు.

గోడౌన్ సందు ఇరుకు. లోపలికి పోయేటప్పుడు ఎడమవైపు అద్దం గోడకు రాసుకోకుండా మడిచేస్తారు. బయటికొచ్చాక తెరవాలి. ఆ రోజు తెరవలేదు. పక్కన కళ్ళున్న మనిషి ఉన్నాడులే అని చాలాసార్లు తెరవలేదు. జనం పోగవుతుంటే బావమరిది మెల్లగా చెయ్యి చాపి అద్దం తెరవడం డ్రైవరు చూశాడు. అతను చూసినట్టు బావమరిదీ చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

డ్రైవరు లేచి నడుచుకుంటూ ఆస్పత్రికి వెళ్ళాడు. ఇంతకుముందు రెండుసార్లు గేటు దాకా వచ్చి తిరిగిపోయాడు. ఈసారి లోపలికి నడిచాడు.

తాళాల మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎవరన్నది చెప్పగానే ఇటు తిరిగాడు. తిట్టాలి, కనీసం మొహమైనా తిప్పుకోవాలి. అతను పక్కనున్న స్టూలు చూపించాడు.

"కూర్చో అన్నా. నీకోసమే చూస్తున్నా."

డ్రైవరు కూర్చోలేదు.

"నిజం చెప్పు, నేను తప్పుగా వచ్చానా? ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు. మీ ఓనరు మనిషొచ్చి నేనే అడ్డం దూరానన్నాడు. మా ఆవిడ పొద్దున్నించీ నన్నే తిడుతోంది, నీకు ముందునుంచీ తొందరెక్కువ అని. నాకు తొందర లేదన్నా. తాళం తీసేవాడికి తొందరుంటే పని అవుతుందా? అయినా ఏమో, దూరానేమో. నీకూ పిల్లలున్నారటగా. నావల్ల నీ పనికి ఎసరొచ్చిందంటే... తప్పు నాదైతే చెప్పు, క్షమించమని అడుగుతా."

దుప్పటి ఒకచోట ఎత్తుగా, ఒకచోట చదునుగా ఉంది. చదునుగా ఉన్నచోటు డ్రైవరు చూడకూడదనుకుంటూనే చూశాడు.

"చెప్పు అన్నా."

"మళ్ళీ వస్తా" అని గొణిగి బయటపడ్డాడు. రోడ్డు దాటడానికి చాలాసేపు పట్టింది. ఖాళీ దొరికిన ప్రతిసారీ కాలు వెనక్కి తీసుకున్నాడు. చివరికి ఒక ముసలామె, "రా నాయనా, నాతో రా" అని మోచెయ్యి పట్టుకుని దాటించింది.

ఇల్లు చేరేసరికి బావమరిది బల్ల ముందు నిలబడి విచారణలో చెప్పబోయేది అక్కకు వినిపిస్తున్నాడు.

"రాంగ్ సైడులో వేగంగా వచ్చాడండీ, మేం హారన్ కూడా కొట్టాం... బాగుందా అక్కా?"

"హారన్ కొట్టారా?"

"కొట్టామనుకో."

"అనుకుంటే కొట్టినట్టేనా? ఏమండీ, వీడి వాలకం చూడండి. రేపు అక్కడ సగం మాట మింగేసి మీ కొంప ముంచుతాడు."

"పోనీ నువ్వే చెప్పక్కా!" అన్నాడు బావమరిది. అన్నాక నాలుక కరుచుకుని బావ వైపు చూశాడు. "బావా, నువ్వు ముందు చెప్పు, నేను తర్వాత చెప్తా. ఒకటే మాట ఉండాలన్నాడుగా ఓనరు."

డ్రైవరు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగాడు. భార్య అతని మొహం చూసి లేచి నిలబడింది.

"ఎక్కడికెళ్ళారు?"

"ఆస్పత్రికి."

"వాళ్ళేమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదు." గ్లాసు బోర్లించాడు. "రేపు నీకు మాట్లాడే పని లేదురా. అతను నేరుగానే వస్తున్నాడు, దారి అతనిదే. నేను అద్దం తెరవకుండా బండి తిప్పాను. అదే చెప్పి లైసెన్సు బల్ల మీద పెట్టేస్తాను."