స్లాబు మీద చెప్పుల్లేకుండా

మధ్యాహ్నం మడమల మీద మంట మొదలైంది. పుంగనూరులో ఒక ఇంటికి స్లాబు వేస్తున్నారు. నేను ఇంటర్ పూర్తిచేసి అమ్మతో కలిసి కూలికి వెళ్తున్న రోజులు. పొద్దున కొబ్బరికాయ కొట్టి పూజ చేశాక స్లాబు మీదికి చెప్పులతో ఎవరూ ఎక్కరు. మేమూ కిందే విడిచాం. బాండ్లీలు అందుకుని కాంక్రీటు కుమ్మరించే చోట నన్ను నిలబెట్టారు. చీలమండల దాకా తడి సిమెంటే.

నేను పదే పదే కిందికి చూసుకుంటుంటే మేస్త్రీ ఎల్లప్ప అరిచాడు: "ఏం మే, కాళ్ళు యాల సూసుకుంటాండావు? గోరింటాకు పండిందా లేదా అనా?"

అందరూ నవ్వారు. దిగితే బాండ్లీల వరస తెగుతుంది, మళ్ళీ అందరూ నావైపే చూస్తారు. తర్వాతి బాండ్లీ అందుకున్నాను. సాయంత్రం దాకా అలాగే నిలబడ్డాను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటే చర్మం తెల్లగా నానినట్టుంది. "సిమెంటు కొరికుండాది, అంతే. కొబ్బరినూనె పూస్తే పోతాది," అంది అమ్మ. మూడో రోజుకు కుడి మడమ పైన నల్లబడింది. మంట పోయింది. 'తగ్గింది' అని డైరీలో రాసుకున్నాను.

వారం తిరగకముందే జ్వరం. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ నల్లటి చోట సూదితో గుచ్చింది. తెలియలేదన్నాను.

"అదేనమ్మా నా భయం. ఇది డీప్ బర్న్, నరాలూ కాలాయి. సిమెంటు లోపల్లోపలే కాలుస్తుంది."

చచ్చిన చర్మం తీసేసి, తొడ నుంచి చర్మం తీసి స్కిన్ గ్రాఫ్ట్ వేశారు. ఐదో రోజు డ్రెస్సింగ్ విప్పితే సగం అంటుకోలేదు. చీము. "ఇన్ఫెక్షన్ ఎముకకు పాకితే పాదం దక్కుతుందని చెప్పలేను," అంది డాక్టరమ్మ. మళ్ళీ గ్రాఫ్ట్ వేసేదాకా, ఆ పది రోజులూ పుస్తకం తెరిస్తే పేజీ దాటేది కాదు. కట్టు వాసన చూసుకునేదాన్ని. వేళ్ళు కదిలించి, నమ్మకం కుదరక మళ్ళీ కదిలించేదాన్ని.

ఎల్లప్ప చూడ్డానికొచ్చాడు. "ఒక మాట సెప్పింటే దించేద్దును కదమ్మా."

"మీరు నవ్వితిరి కదన్నా," అన్నాను.

రెండో గ్రాఫ్ట్ నిలిచింది. నిటారుగా నడవడానికి ఆరు నెలలు పట్టింది.

ఇప్పుడు కుప్పంలో ఒక కాంట్రాక్టరు దగ్గర సామాను రిజిస్టరు రాస్తున్నాను. ఇక్కడా మేస్త్రీ ఎల్లప్పే. మొదటి స్లాబు రోజు మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు గంబూట్లు తెప్పిస్తే, పూజయ్యాక ఎవరూ తొడగలేదు. తర్వాతి స్లాబుకు, పారలకు బొట్టు పెడుతుంటే, బూట్లకూ పెట్టమన్నాను.

"బూట్లకు బొట్టేంది మే! హారతి గూడా ఇమ్మంటావా?" అన్నాడు ఎల్లప్ప. మళ్ళీ అందరూ నవ్వారు.

"ఇయ్యన్నా. ఇచ్చినాక తొడుక్కోండి."

ఆయన నా పాదం వైపు చూశాడు. ఒక్కో బూటుకూ పసుపు రాసి, మొదటి జత తానే తొడుక్కున్నాడు.

నేను చెప్పేది ఒకటే. తడి సిమెంటు ఒంటికి అంటితే ఆ నిమిషమే దిగి, ధారగా నీళ్ళు పోస్తూ అరగంటైనా కడగండి. మంట వచ్చేదాకా ఆగకండి. మంట పోయిందని ఊరుకోకండి.