సంచి తిరగేసి చూపించిన మనిషి

ఆ సంచుల టైలరు గొంతు విన్నవాళ్ళు ఈ భూమ్మీద ముగ్గురే ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు అబద్ధం చెబుతున్నారని వీధిలో గట్టి అనుమానం. మూడో మనిషి ఆయన భార్య. ఒట్టు వేసి చెప్పమంటే ఆవిడ కూడా కాస్త ఆలోచిస్తుంది. ఆయన పుట్టగానే ఏడవకుండా డాక్టరమ్మ వైపు చూసి తల ఊపాడట. ఆవిడ కూడా మర్యాదకు తల ఊపి బయటికి వెళ్ళిపోయిందట. క్షౌరం చేయించుకోవడానికి వెళితే "ఎలా కత్తిరించమంటారు" అని అడుగుతారన్న భయంతో, అద్దం ముందు నిలబడి తన జుట్టు తనే కత్తిరించుకోవడం నేర్చుకున్నాడు. వెనకవైపు ఎలా వచ్చిందో ఆయన ఎన్నడూ చూసుకోలేదు. వీధి వీధంతా చూసింది. కానీ అంత నెమ్మదస్తుణ్ణి ఏమంటారు, ఎవరూ నోరు మెదపలేదు.

దేనికైనా ఆయన జవాబు "ఊఁ". అందుకని ఊఁ మాస్టారు అనే పేరు స్థిరపడిపోయింది. రేపు రండి అనే ఊఁ వేరు, ఈ జిప్పు ఇక బతకదనే ఊఁ వేరు, మీవాడు ఈ బ్యాగులో పుస్తకాలు కాదు, రాళ్ళు మోస్తున్నాడనే ఊఁ వేరు. అలవాటైనవాళ్ళకు ఏదీ విడమరిచి చెప్పక్కర్లేదు.

కొట్టు అంటే ఒక మేడ కింద ఒకటే గది. లోపల మందపు సూది మిషను, మెడ వంచిన దీపం, రివెట్ల డబ్బా, గోడకు వేలాడే రంగురంగుల పట్టీలు, అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే క్యాన్వాసు, జిగురు కలగలిసిన వాసన. గుమ్మం పక్కన ఒక బల్ల. బస్టాపు సరిగ్గా ఎదురుగా ఉండేది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఊసుపోక తమ సంచి వైపు చూసుకుని, తెగిన పట్టీని ఆయన ముందు పెట్టేవారు. ఆయన ఊఁ అనేవాడు. బస్సు వచ్చేలోపు కుట్టి చేతిలో పెట్టేవాడు. బస్సు ఆలస్యమైన రోజున కొత్త సంచికి కొలతలు కూడా ఇచ్చిపోయేవారు. నోరు లేకుండా వ్యాపారం చేసుకునే చోటు లోకం మొత్తం మీద అదొక్కటే ఉండేదేమో, అది ఈయనకే దొరికింది.

ఆ బస్టాపును పక్కవీధికి మార్చేశారు. మలుపులో బస్సు తిరగడం కష్టంగా ఉందట. బస్సుతో పాటు మనుషులూ వెళ్ళిపోయారు. బల్ల మీద పిల్లి పడుకోవడం మొదలుపెట్టింది.

మేడ మీద ఉండే ఇంటాయన దిగివచ్చి కబురు చెప్పాడు. "పార్సిల్ ఆఫీసు వాళ్ళు ఈ గది అడుగుతున్నారయ్యా. వానలు వెనకబట్టేసరికి నువ్వు ఉంటావో ఖాళీ చేస్తావో చెప్పు. పైకొచ్చి నోటితో చెప్పు. నువ్వు తల ఊపితే అది అవునో కాదో నాకు తెలిసి చావదు."

ఇంతలో బావ వచ్చాడు. బావంటే అక్క మొగుడు. బజారులో పెద్ద బ్యాగుల షోరూము ఉంది. మంచివాడు, గొంతే కాస్త పెద్దది. నవ్వితే అలమరలో గ్లాసులు కదులుతాయి.

"బావమరిదీ, నా దగ్గరికి వచ్చెయ్. కూర్చుని కుట్టే బాధ కూడా లేదు. గుమ్మంలో నిలబడి, దారినపోయేవాళ్ళని 'రండి మేడం, రండి సార్, చూసిపోండి, కొనకపోయినా పర్లేదు' అని పిలవడమే పని. చల్లగా ఏసీ గాలి వీపుకి తగుల్తుంటుంది."

ఊఁ మాస్టారికి ఏసీ గాలి అప్పుడే తగిలినట్టు వీపు చల్లబడింది. బావ ప్రేమగా చెబుతున్నాడని తెలుసు. పులి కూడా పిల్లల్ని ప్రేమగానే నోట కరుచుకుని మోస్తుంది.

ఇక్కడ ఆయన భార్య గురించి చెప్పాలి. ఆవిడ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెబుతుంది. భర్త మాట్లాడని మాటలన్నీ కూడబెట్టి ఆవిడే ఖర్చు పెడుతోందని జనం అంటారు.

"ఏమండీ, ఈ రోజుల్లో ఫోన్లో లేనిది లోకంలో లేనట్టే. మీ సంచుల్ని ఫోన్లో పెడదాం. బస్టాపు పోతే పోయింది, లోకమంతా బస్టాపే."

"ఊఁ," అన్నాడు. అది చచ్చానురా దేవుడా అనే ఊఁ.

ఆవిడ ఫోను నిలబెట్టి, ఆయన్ని ఎదురుగా నిలబెట్టింది. "నమస్కారం, నేను సంచులు కుడతాను, అనండి. అంతే." ఆ వీడియో ఇప్పటికీ ఉంది. అందులో ఒక మనిషి ఉంటాడు, కాసేపటికి ఉండడు, తర్వాత ఖాళీ గోడ ఉంటుంది.

సరే, నా గొంతు పెడతానంది ఆవిడ. ఆయన సంచి పట్టుకుంటే ఆవిడ వెనకనుంచి అందుకుంది. "ప్రయాణికులకు గమనిక. నీలం రంగు భుజం సంచి మరికొద్దిసేపట్లో..." నాలుక్కరుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఎన్నిసార్లు తీసినా సంచి ఎక్కడికో బయలుదేరడానికి సిద్ధంగానే ఉంది. ఇద్దరూ నవ్వుకుని ఆపేశారు.

"నేనే ఫొటోలు తీస్తాలే," అన్నాడు ఆయన. "మొహం లేకుండా."

ఆవిడ డ్యూటీకి వెళ్ళాక తీశాడు. కిటికీ వెలుతురు సరిచూసుకుని, తెల్లటి గుడ్డ పరిచి, ఒక్కో సంచినీ పసిబిడ్డకు స్నానం చేయించినంత శ్రద్ధగా పెట్టి తీశాడు. ఆవిడ కొట్టు పేరుతో ఫోన్లో తెరిచిన పేజీలో పెట్టేశాడు కూడా. భోజనాల వేళ ఆవిడ చూసుకుని అక్కణ్ణుంచే ఫోన్ చేసింది.

"ఏమండీ, ఇవేంటి?"

"సంచులు."

"అది తెలుసు. అన్నీ తిరగేసి ఉన్నాయేంటి? చొక్కా తిరగేసుకుని ఆఫీసుకెళ్ళినట్టుంది చూడబోతే."

"పనంతా లోపలే కదా."

"కొనేవాళ్ళు బయట చూస్తారండి."

"బయట ఎవరు కుట్టినా బాగానే ఉంటుంది. చిరిగేది లోపల్నుంచి."

ఆ ఏడాదికి అదే ఆయన మహోపన్యాసం. అంత మాట్లాడినవాణ్ణి కాదనడానికి ఆవిడకు మనసొప్పలేదు. ఫొటోలు అలాగే ఉండిపోయాయి.

జనం ఊరుకుంటారా? "అన్నా, సంచి పేగులు చూపించావు, మొహం కూడా చూపించు" అని ఒకడు రాశాడు. "ఇది కొట్టా, ఆపరేషన్ థియేటరా?" అని ఇంకొకడు. చదివి ఆయన ఫోనును రివెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించాడు. అది లోపల్నుంచి టింగుమంటూనే ఉంది. ప్రతి టింగుకూ షోరూము గుమ్మం ఒక్కో అడుగు దగ్గరికి జరుగుతున్నట్టుంది ఆయనకు.

సాయంత్రం భార్య వచ్చి మూత తీసింది. వెక్కిరింతలన్నీ పైకి చదివి హాయిగా నవ్వింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"ఇది వినండి. 'నేను ఇళ్ళకు తిరిగే నర్సుని. నా సంచి ఎప్పుడూ కుడివైపు కింది మూలే చిరుగుతుంది. ఎన్ని మార్చినా అంతే. ఎందుకంటారు?' ఏం రాయమంటారు?"

ఆయన ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. అడిగిన మనిషి ఎదురుగా లేదు. జవాబు కోసం కళ్ళలోకి చూడదు. తొందరపెట్టదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు: "మీ సంచి తిరగేసి ఫొటో పంపండి."

పంపింది. ఆ ఫొటోను ఆయన, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు దీపం దగ్గర పెట్టుకుని చూశాడు. ఆ నర్సు బరువైన పెట్టె ఏదో కుడి పక్కనే పెడుతోంది. మోకాళ్ళ మీద కూర్చున్న ప్రతిసారీ ఆ మూలనే ముందు నేలకు ఆనిస్తోంది. పెట్టెకు మధ్యలో అర చేసి, మూలలకు లోపల రెండో పొర వేసి కొత్త సంచి కుట్టాడు. అంతటితో పంపేస్తే ఆయన ఊఁ మాస్టారు ఎందుకవుతాడు? దాన్నిండా ఇటుక ముక్కలు నింపి, భుజాన వేసుకుని, గదిలో ఇంటింటికీ తిరిగాడు. మిషను ఒక ఇల్లు, బల్ల ఒక ఇల్లు, స్టూలు ఒక ఇల్లు. ప్రతి ఇంటి ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు, సంచి దించాడు, లేచాడు.

భార్య వచ్చేసరికి స్టూలు కాలు పట్టుకుని నేలమీద ఉన్నాడు.

"జ్వరం ఎంతుంది దానికి?"

"మూల గట్టిగానే ఉంది," అన్నాడు తృప్తిగా.

కొన్నాళ్ళకు ఆ నర్సు సంచి ఫొటో తనే పెట్టింది. తిరగేసి పెట్టింది. కింద ఇలా రాసింది: "ఈయన గొప్పలు చెప్పుకోడు. నా సంచి ఎందుకు చిరుగుతోందో ఇన్నేళ్ళలో పట్టించుకున్నది మాత్రం ఈయనే."

ఇక మొదలైంది. కరెంటు మీటర్లు చూసే ఆయన తన సంచి తిరగేశాడు. ఇంటింటికీ వెళ్ళి వయొలిన్ నేర్పే పంతులమ్మ తిరగేసింది. నిచ్చెనలెక్కే ఎలక్ట్రీషియను తిరగేశాడు. ఒకావిడ మొగుడి జేబులు తిరగేసి పంపి, ఈ చిల్లులకు మందుందా అని అడిగింది. వెక్కిరించినవాడు సైతం సిగ్గుపడుతూ తన కాలేజీ బ్యాగు పంపాడు, దాని కడుపులో ఎప్పటిదో అరటితొక్క కూడా ఉంది. లోకంలో మనుషులంతా తమ సంచుల లోపలి చిరుగుల్ని ఎవరికి చూపించాలా అని ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నారేమో అనిపించింది. ఆయన ఎవరికీ పెద్దగా రాయలేదు. కుట్టే మూలను ఫొటో తీసి పంపేవాడు, అదే జవాబు. పెట్టెలో సర్దేముందు మాత్రం ఆ మనిషి పనిని ఒకసారి తలుచుకునేవాడు. ఏ మెట్లెక్కుతారో, ఏ ఎండలో తిరుగుతారో. తనను కదలకుండా కూర్చోబెట్టి బతికిస్తున్నవాళ్ళు ఇలా తిరిగేవాళ్ళే కదా అని కళ్ళు చెమర్చేవి. జిగురు ఘాటు అనేవాడు, అడిగితే.

ఒకరోజు నర్సు స్వయంగా వచ్చింది. పిల్లిని కాస్త జరిపి బల్ల మీద కూర్చుంది. ఆయన కుట్టాడు, ఆవిడ చూసింది. బస్సు వేళకు నవ్వి లేచి వెళ్ళిపోయింది.

"ఏమన్నారు?" అని ఆత్రంగా అడిగింది భార్య.

"చాలా మంచావిడ. ఏమీ అనలేదు."

వానలు వెనకబట్టాయి. బావ ఇస్త్రీ చేసిన షోరూము చొక్కా పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. బావమరిది చేతిలో చిన్న పెట్టెతో, భుజాన సంచితో స్టూలెక్కి, గోడమీద లేని మీటరు చదువుతున్నాడు. గదంతా పార్సిళ్ళు.

బావ చొక్కాను మడతపెట్టి చంకలో దోపుకున్నాడు. కాసేపు అటూ ఇటూ చూసి, తన భుజాన ఉన్న సంచి తీసి, లోపలివన్నీ కుమ్మరించి, తిరగేసి బల్ల మీద పెట్టాడు.

"మూల పోయింది. మా షాపు సరుకే. ఎవరికీ చెప్పకు."

"ఊఁ."

"నువ్వు చెప్పవులే. నీకంటే నమ్మకస్తుడు నాకెక్కడ దొరుకుతాడు," అని నవ్వాడు బావ. రివెట్లు డబ్బాలో గలగలలాడాయి.

మిగిలింది ఇంటాయనకు చెప్పడం. భార్య ముందే లెక్కలన్నీ చూసి, నిలదొక్కుకోగలం అని ఖాయం చేసేసింది. కానీ ఇంటాయనకు చెవుడు. రాసిస్తే చదవడానికి కళ్ళజోడు దొరకదు. నోటితోనే చెప్పాలి. ఊఁ మాస్టారు మెట్లెక్కాడు, వెనక భార్య. పార్సిల్ ఆఫీసు మనిషి అప్పటికే పైన కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏమయ్యా, ఉంటావా, పోతావా?" అన్నాడు ఇంటాయన.

ఆ తర్వాత జరిగింది వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. మిషను, కిటికీ, బల్ల, పిల్లి, ఊరూరా సంచులు మోసుకు తిరుగుతున్న తన మనుషులు, అన్నీ ఆయన గొంతులోకి వచ్చాయి. "ఉంటాను" అని ఒక్క కేక వేశాడు. మేడ మీది పావురాలు లేచాయి. పార్సిల్ ఆఫీసు మనిషి చేతిలో టీ ఒలికింది. పక్కవీధిలో బస్సు బ్రేకు వేసింది, డ్రైవరు ఎవర్ని గుద్దానా అని దిగి చూసుకున్నాడు. ఇంటాయనకు ఆ రోజునుంచి చెవులు బాగుపడ్డాయని కూడా అంటారు.

ఈ సంగతి ఆయన దగ్గరే ఎత్తితే, సూదిలో దారం ఎక్కిస్తూ తల అడ్డంగా ఊపుతాడు.

"కేకేం వెయ్యలేదు. మామూలుగానే చెప్పాను, ఆయనకి వినపడలేదు. అప్పుడు మా ఆవిడ చెప్పింది."