షమీమ్ అక్క అడిగింది ఒక్క నర్సునే

నిన్న పొద్దున ఎనిమిదింటికి, కడపలో మా వార్డులో నైట్ డ్యూటీ వాళ్ల దగ్గర హ్యాండోవర్ తీసుకుంటున్నాను. ఫోన్ ఆగకుండా మోగుతోంది. పదో బెడ్ దాకా వచ్చాక చూశాను.

షమీమ్ అక్క పోయింది.

కర్నూలులో తన ఇంట్లోనే. డ్యూటీకి తయారవుతూ గుండెల్లో నొప్పి అని కూర్చుందట. ఆటో వచ్చేలోపే అయిపోయింది.

మిగతా బెడ్ల వివరాలు ఏం రాసుకున్నానో నాకే తెలియదు. లీవ్ చెప్పి బస్సెక్కాను.

నేను నర్సింగ్ చదివాక మొదట చేరింది కర్నూలులో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో. ఆడవాళ్ల మెడికల్ వార్డు. అక్క ఆ వార్డు ఇన్‌చార్జ్. ఇరవై రెండేళ్ల సర్వీసు, మోకాళ్ల నొప్పులు, పెద్ద గొంతు.

నర్సులు కాని వాళ్లకు ఒక సంగతి చెప్పాలి.

మా మార్నింగ్ డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. డిశ్చార్జ్ బిల్లులు తెమిలి బెడ్లు ఖాళీ అయ్యేది ఒకటిన్నరకు. కింద క్యాజువాలిటీలో డాక్టర్లు భోజనానికి లేచేదీ అప్పుడే. అందుకని కొత్త పేషెంట్లందరూ సరిగ్గా ఒకటీ ముప్పావుకు పైకి వస్తారు.

ఇళ్లకు పోయేవాళ్లు "మా టైమ్ అయిపోయింది" అంటారు. వచ్చినవాళ్లు "మేమింకా చార్జ్ తీసుకోలేదు" అంటారు.

మధ్యలో స్ట్రెచర్ మీద ఒక మనిషి ఉంటుంది.

నేనూ అట్లా అన్నదాన్నే. చేరిన రెండో నెలలో బనగానపల్లె నుంచి ఒకామెను తెచ్చారు. షుగర్ పేషెంట్, మగతగా ఉంది. నేను అప్పటికే బ్యాగు తగిలించుకున్నాను. "రెండు దాటినాక తీసుకురాప్పా, మధ్యాహ్నం వాళ్లు చూసుకుంటారు" అన్నాను అటెండర్‌తో.

అక్క విన్నది. "బ్యాగు కింద పెట్టు పాపా. షుగర్ మిషన్ తే."

ముప్పై ఎనిమిదే చూపించింది, డెబ్బైకి తగ్గితేనే ప్రమాదం. అక్క డాక్టర్‌కు ఫోన్ చేసి, వెంటనే గ్లూకోజ్ ఎక్కించింది. కాసేపటికి ఆమె కళ్లు తెరిచి, "నేను యాడుండా?" అంది.

"ఈడ, ఆసుపత్రిలోనే ఉండావులేమ్మా."

తర్వాత నా వైపు తిరిగి అక్క మెల్లగా అడిగింది. "రెండు దాటినాక తెచ్చింటే ఈమె యాడుండేదో తెలుసునా నీకు?"

అంతే. అంతకు మించి తిట్టలేదు.

అక్కకు ఒక పద్ధతి ఉండేది. ఒంటిగంటకే సెలైన్ స్టాండు, ట్రే సిద్ధం చేయించి, మొదట ఖాళీ అయిన బెడ్ వెంటనే పరిపించేది. బీపీ చూడటం, సూది పెట్టడం, మొదటి మందు వేయడం మార్నింగ్ వాళ్ల పని. ఫైలు, ఫారాలు మధ్యాహ్నం వాళ్ల పని. "మనిషిని మీరు పట్టుకోండి, కాగితాలు వాళ్లు చూస్తారు" అనేది. వార్డులో గొడవలు ఆగాయి.

అక్క మాత్రం ఏ రోజూ మూడుకు ముందు ఇల్లు చేరలేదు.

ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఒక్క నర్సును అదనంగా ఇవ్వమని మేనేజ్‌మెంట్‌కు మూడు లెటర్లు రాసింది. మూడూ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. జవాబు ఒక్కదానికీ రాలేదు.

ఇక అసలు విషయం రాస్తున్నాను.

ఒకరోజు పది నిమిషాల్లో ముగ్గురు కొత్త పేషెంట్లు వచ్చారు. అక్క ఆ ముగ్గురి దగ్గర ఉంది. పాత పేషెంట్ల హ్యాండోవర్ నేను ఇచ్చాను. ఏడో బెడ్ పెద్దామెకు ఒంటిగంట ఇంజెక్షన్ నేను వేయలేదు. "అందరికీ ఇచ్చేసినాం" అని గబగబా చెప్పి బస్సుకు పరుగెత్తాను.

సాయంత్రానికి ఆమెకు జ్వరం పెరిగింది. ఐసీయూకు మార్చారు. బతికింది. కానీ వాళ్ల కొడుకులు ఆసుపత్రిలో పెద్ద గొడవ చేశారు.

మరుసటి రోజు సూపరింటెండెంట్ గదిలో అక్క ముందే నన్ను అడిగారు.

"షమీమ్ అక్క చూస్తాందనుకుంటి సార్" అన్నాను.

అబద్ధం. ఆ బెడ్ నాదని నాకు తెలుసు.

అక్క నన్ను ఒకసారి చూసింది. మెమో తీసుకుని సంతకం పెట్టింది. "ఒక్క మనిషిని ఇచ్చింటే ఇది జరిగేది కాదు సార్" అని మాత్రం అంది. ఆ ముక్క ఎవరూ రాసుకోలేదు.

అక్కను వార్డు నుంచి తీసేసి కింద ఓపీలో టోకెన్లు ఇచ్చే కౌంటర్‌లో కూర్చోబెట్టారు.

వారం తర్వాత క్షమాపణ చెబుదామని కౌంటర్ దగ్గరికి పోయాను. నన్ను చూసి, "ఆ బీపీ మిషన్ గాలి నిలబడకుండా ఉండె, బాగుచేయించినారా లేదా?" అంది. లేదన్నాను. నేను చెప్పదలుచుకున్నది నోట్లోనే ఉండిపోయింది. రెండు నెలలకు కడపకు వచ్చేశాను.

నాలుగేళ్లు. ఫోన్ నెంబర్ ఉంది. చేయలేదు.

నిన్న ఆ ఆసుపత్రి ఫేస్‌బుక్ పేజీలో అక్క ఫొటో పెట్టారు. తెల్ల కోటుతో, వార్డులో నవ్వుతూ ఉన్న ఫొటో. "మా సేవామూర్తి, త్యాగమూర్తి" అని రాశారు.

ఆ వార్డులోంచే కదా ఆమెను తీసేశారు.

అక్క త్యాగం చేస్తానని ఎవరికీ మాట ఇవ్వలేదు. రెండింటికి ఇంటికి పోవాలని తనకూ ఉండేది.

నేను చేరేసరికి మగవాళ్లు జనాజా ఎత్తుకుని శ్మశానానికి వెళ్లిపోయారు. ఇంట్లో ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. అక్క చెల్లెలు నస్రీన్ నా పేరు అడిగింది.

"నువ్వేనా లావణ్య? శానాసార్లు చెప్పింది నీ గురించి. మంచి చెయ్యి, ఎంత ముసలోళ్లకైనా నరం ఒక్కసారికే దొరకబట్టుతాదని."

నా చేతులు నా ఒళ్లో ఉన్నాయి. అక్కడా నిజం చెప్పలేకపోయాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. నస్రీన్ గారూ, ఆ మెమో నాది.

మేనేజ్‌మెంట్ వాళ్లు కూడా ఇది చదువుతారని తెలుసు. చదవండి. ఇప్పటికీ ఆ వార్డుకు ఆ ఒక్క నర్సు రాలేదట.

పోయిరా అక్కా. అల్లా నీకు చల్లని చోటు ఇవ్వాలి, నీ మోకాళ్లకూ మనసుకూ నెమ్మది ఇవ్వాలి. నా సంగతి అడగొద్దు, నాకు ఆ నెమ్మది ఇప్పట్లో దొరకదు.