ఆ పాటలో ‘నువ్వు’ ఎవరు?

ఆ రోజుల్లో మాకు కోపం ఊరికే వచ్చేది. ఇప్పుడు కోపగించుకోవాలన్నా తీరిక చూసుకోవాల్సి వస్తోంది గానీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ వయసులో పొద్దున పళ్ళు తోముకుంటూ మొదలుపెడితే పడుకునేదాకా ఎవరో ఒకరి మీద మండిపడుతూనే ఉండేవాణ్ణి. నాంపల్లి స్టేషన్ ఎదురుగా నేను పనిచేసే ట్రావెల్స్ ఆఫీసు మేనేజరు మీద, ఆగకుండా వెళ్ళిపోయే సిటీ బస్సు మీద, మే నెల ఎండ మీద. వీటన్నిటినీ మించి, ఒక పాటను తప్పుగా అర్థం చేసుకునే వాళ్ళ మీద. మిగతా కోపాల సంగతి ఎలా ఉన్నా, ఈ చివరిది మాత్రం న్యాయమైనదే అని ఇప్పటికీ నా అభిప్రాయం. మీరు నవ్వితే నవ్వండి.

చాదర్‌ఘాట్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ‘ఫ్యూజ్’ అని పేరు పెట్టుకుని ర్యాప్ పాటలు కట్టి నెట్‌లో వదిలేవాడు. మెడలో గొలుసులు, కళ్ళకు నల్లద్దాలు, అందరూ చేసే హంగామాయే. కానీ వాడి పాట ఒకటి మమ్మల్ని పట్టుకుని వదల్లేదు. దాని పల్లవి ఇంతే: ‘నువ్వెక్కడున్నవ్? నేనింకా గీడనే.’ (గీడనే అంటే ఇక్కడే అని.) మిగతాదంతా మనం ఊపిరి తీసుకునేలోపు అయిపోయేది. ఆదివారం పూట ఆబిడ్స్‌లో షాపులు మూసి, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచే వేళ, ఒక బట్టల షాపు మెట్ల మీద మా అభిమానుల సభ జరిగేది. ఆ షాపులో పనిచేసే నా ప్రాణస్నేహితుడే సభకు అధ్యక్షుడు. రోజూ పొద్దున షాపు షట్టర్ ఎత్తేది వాడే కాబట్టి అందరూ వాణ్ణి షట్టర్ అనే పిలిచేవారు (అసలు పేరు పెళ్ళి కార్డులో చూసి, ఇదెవరి పెళ్ళి అని అడిగినవాళ్ళు ఉన్నారు).

ఇంతకీ గొడవేమిటంటే, ఆ పాటలో ‘నువ్వు’ ఎవరు? షట్టర్ లెక్క ప్రకారం అది చనిపోయిన తల్లి. “చూడురా, ఇల్లు విడిచిపెట్టకుండ గీడనే కూసున్న అంటున్నడు. అమ్మ కోసం గాక ఎవరి కోసం కూసుంటరు?” అని కళ్ళు తుడుచుకునేవాడు. నా లెక్క ప్రకారం అది ఈ నగరం. మా తాత యాభై ఆరులో ఉద్యోగం మీద బందరు నుంచి వచ్చి నాంపల్లిలో కిరాయికి దిగాడు. మా నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. అయినా ఇంట్లో ‘ఏంటి’, గడప దాటితే ‘ఏంది’ అనే నన్ను చూసి ఆటోవాడి దగ్గర్నుంచి ఆఫీసులో అటెండరు దాకా ‘మీదే ఊరు?’ అని అడిగేవాళ్ళే. కాబట్టి ‘నేనింకా గీడనే’ అనే మాట వింటే నాకు ఒళ్ళు పులకరించేది. ఊరు మారిపోయింది, పాత ఊరు ఎక్కడుందో తెలీదు, నేను మాత్రం ఇక్కడి వాణ్ణే అని నా తరఫున ఎవరో మైకులో చెప్పినట్టుండేది. అలాంటి పాటను పట్టుకుని అమ్మ అంటాడా! ప్రతి ఆదివారం మా అరుపులకు పక్కన పుస్తకాలాయన తల పట్టుకుని, “మీకో దండం, జర అవతలికి పోయి కొట్లాడున్రి. గిరాకీ బెదిరిపోతున్నది” అని బతిమాలేవాడు.

ఇలా ఉండగా షట్టర్‌కు పెళ్ళి కుదిరింది. నాంపల్లిలోనే ఫంక్షన్ హాలు. పొద్దున ఎదుర్కోళ్లు, అంటే పెళ్ళికొడుకును ఊరేగింపుగా తీసుకొస్తే ఆడపిల్లవాళ్ళు గేటు దగ్గర ఎదురొచ్చి, పానకం ఇచ్చి, లోపలికి తీసుకెళ్ళడం. గుర్రం మీద షట్టర్, ముందు మర్ఫా డప్పులు, వాటి ముందు ట్రాలీ మీద డీజే డబ్బాలు, పక్కనే తోటి పెళ్ళికొడుకులా నేను. హాలు ఇంకో మలుపు ఉందనగా డబ్బాల్లోంచి మొదలైంది ‘నువ్వెక్కడున్నవ్?’ అంతే, షట్టర్ పెదనాన్న, చిన్నాన్న, వాళ్ళ పిల్లలు అందరూ రుమాళ్ళు గాల్లో తిప్పుతూ గెంతడం మొదలుపెట్టారు. నా పాట మీద! ట్రాలీ ఎక్కి వైరు పీకేశాను.

“ఏందిరా గది?” అన్నాడు షట్టర్ గుర్రం మీంచి.

“నువ్వే కదరా అది చచ్చిపోయిన అమ్మ పాట అన్నావు! దాన్ని పెళ్ళిలో పెట్టి గెంతుతారా? నీ లెక్క నిజమైతే పాట ఆపాలి. పాట ఉండాలంటే నీ లెక్క తప్పని ఒప్పుకో!”

ఇంత చక్కటి తర్కం నా జన్మలో మళ్ళీ నాకు తట్టలేదు. దురదృష్టం ఏమిటంటే, హారతి పళ్ళెంతో ముందు నడుస్తున్న షట్టర్ వాళ్ళమ్మ అది విన్నది. “ఏంది కొడుకా, నేను సచ్చినట్టు పాట పెట్టిచ్చినవా? నేను గింత మంచిగ నడుస్తుంటె?” అని పళ్ళెం ఆడబిడ్డ చేతిలో పెట్టి రోడ్డు మధ్యలో చతికిలబడింది. గుర్రం దిగితే అశుభమని పెద్దలు అడ్డుపడటంతో షట్టర్ పైనుంచే, “నీ గురించి గాదే అమ్మా, ఫ్యూజ్ అన్న వాళ్లమ్మ గురించి” అని ఏడుపు గొంతుతో వివరిస్తున్నాడు. వెనక బస్సు హారన్ కొడుతోంది. డ్రైవరు కిందికి దిగొచ్చి విషయం తెలుసుకుని, అది పారిపోయిన పిల్ల గురించి రాసిన పాట అని తన తీర్పు చెప్పి వెళ్ళాడు (అతని మీద నాకు వేరే కోపం).

అటు గేటు దగ్గర పానకం బిందెలతో నిలబడ్డ ఆడపిల్లవాళ్ళు, పాటతోపాటు డప్పులూ ఆగిపోయేసరికి, పెళ్ళికొడుకు అలిగాడనుకున్నారు. పెళ్ళికూతురు మేనమామ చేతులు జోడించుకుని షట్టర్ పెదనాన్న దగ్గరికి పరుగున వచ్చాడు. “ఏం తక్కువైంది బావా? అల్లునికి ఏం గావాలె? గడియారమా? బండా? జర చెప్పున్రి, మాట్లాడుకుందాం!”

“నాకేం వద్దు మామా, వైరు పెట్టియ్యున్రి సాలు!” అని అరిచాడు షట్టర్. ఆ తర్వాత నా వైపు తిరిగి, అందరి ముందూ ఆ మాట అన్నాడు. “నీకేం తెలుస్తదిరా గీడోళ్ల పాట? ఎంతైన మీరు ఆంధ్రోళ్లు!”

వైరు అక్కడే పడేసి వచ్చేశాను. భోజనం కూడా చెయ్యలేదు. మటన్ బాగుందని తర్వాత విన్నాను, అప్పుడు కోపం ఇంకా పెరిగింది. ఎవరెవరో అడిగిన మాట వేరు. ఏళ్ళ తరబడి ఒకే మెట్టు మీద కూర్చున్నవాడు అన్న మాట వేరు. ఆ ఆదివారం నుంచి ఆబిడ్స్ వెళ్ళడం మానేశాను. షట్టర్ ఫోన్ చేస్తే కట్ చేసేశాను. కొన్నాళ్ళకు వాడూ మానేశాడు. ఆ పాట ఎక్కడైనా వినిపిస్తే అవతలి రోడ్డుకు మారేవాణ్ణి.

వానలు పడే రోజుల్లో ఒక ఆదివారం ఫ్యూజ్ స్వయంగా ఆబిడ్స్‌లో ఒక సెల్‌ఫోన్ షాపు ప్రారంభానికి వచ్చాడు. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. జనంలో అటు చివర షట్టర్ కనిపించాడు. ఇద్దరం చూపులు తిప్పుకున్నాం. ఎవరో పిల్ల మైకు అందుకుని అడగనే అడిగింది, “అన్నా, ఆ పాటల ‘నువ్వు’ అంటె ఎవరు?” ఫ్యూజ్ నల్లద్దాలు సర్దుకుని నవ్వాడు. “గదా? నా పాత ఛానెల్ ఎవడో హ్యాక్ చేసిండు. ఫాలోవర్స్ అందరు పోయిన్రు. మీరెక్కడున్నరు, నేను కొత్త ఛానెల్ పెట్టి గీడనే ఉన్న, జర వచ్చి ఫాలో కొట్టున్రి అని రాసిన!”

జనం ఈలలు వేశారు. ఇంతలో అటు చివరనుంచి ఒక గొంతు షాపు అద్దాలు అదిరేలా లేచింది. “ఏయ్, ఏం మాట్లాడుతున్నవన్నా? ఫాలోవర్స్ ఏంది? గది ఊరి మీద పాట! నాంపల్లిల పుట్టినోళ్ల పాట! నీకు తెలువకపోతె మావోడు గాడ నిలబడ్డడు, వాణ్ని అడుగు!”

షట్టర్! “కాదు, అది అమ్మ పాట! తల్లి కోసం ఏడ్చే పాట! నువ్వే రాశావా అసలు?” అని నేనూ అరిచాను. రాసినవాడి మీదే మా ఇద్దరికీ వచ్చిన ఆ కోపం ఎంత గొప్పదంటే, షాపువాళ్ళు మా ఇద్దర్నీ ఒకేసారి మెడ పట్టి బయటికి గెంటారు. వానలో తడుస్తూ, మూసి ఉన్న ఆ బట్టల షాపు మెట్ల దాకా నడిచాం. “ఆ దినం మాట జారిన” అన్నాడు షట్టర్ నేల చూస్తూ. “మటన్ ఎలా ఉంది?” అన్నాను నేను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఫ్యూజ్ పాటలు మానేశాడు, ఏం చేస్తున్నాడో తెలీదు. మొన్న ఆదివారం మా అమ్మాయికి స్కూలు పుస్తకాల కోసం ఆబిడ్స్ వెళితే, మా మెట్ల మీద నలుగురు కుర్రాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. ఇంకెవరో కొత్త ర్యాపర్, ఇంకేదో పాట. నిలబడి విన్నాను. నలుగురూ తప్పే. ఉండబట్టలేక కల్పించుకున్నాను. “మీకేం తెలుస్తది అంకుల్, జర జరగున్రి” అన్నాడు ఒకడు.

ఎన్నాళ్ళకు వచ్చిందో ఆ పాత కోపం! ఒళ్ళంతా వెచ్చబడింది. అక్కడే నిలబడి షట్టర్‌కు ఫోన్ చేశాను. “నాకేం తెలుసు అంటున్నార్రా!”

“ఎవడాడు?” అవతల, ఇప్పుడు ఆదివారం కూడా తెరిచే వాడి సొంత కొట్లో, గల్లాపెట్టె మూసిన చప్పుడు. “పోకు, నేనొస్తున్న. నువ్వెక్కడున్నవ్?”

నవ్వు ఆపుకుంటూ చెప్పాను, “ఇంకా గీడనే.”