ఎడమ సీటుకు ఎంత ఎడం

1993 వేసవిలో నేను నారాయణఖేడ్‌లోని మా అక్క ఇంటికి రెండు మోసుకెళ్లాను: ఒక మామిడిపళ్ల బుట్ట, తేల్చుకోలేని ఒక ఉద్యోగం. పళ్ల సంగతి అక్క పిల్లలు సాయంత్రానికల్లా తేల్చేశారు. ఉద్యోగం మిగిలింది.

అప్పటికి నేను ప్రభుత్వ విమాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్‌ను, అంటే కో-పైలట్‌ను. కాక్‌పిట్‌లో కెప్టెన్ ఎడమ సీట్లో, ఫస్ట్ ఆఫీసర్ కుడి సీట్లో కూర్చుంటారు. విమానం ఇద్దరూ నడుపుతారు, చివరి మాట మాత్రం ఎడమవైపు నుంచే వస్తుంది. ఆ సీటుకు మారడాన్ని మా వాళ్లు ‘కమాండ్ రావడం’ అంటారు. అది ఎప్పుడొస్తుందో చెప్పేది సీనియారిటీ నంబర్. ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి ఆ నంబర్ పడుతుంది. ఎవరు ముందు కెప్టెన్ అవుతారు, ఎవరికి మంచి రూట్లు, ఎవరికి క్రిస్మస్ సెలవు, అన్నీ దాని చేతిలోనే. నాకు ముందున్న వాళ్లందరూ ఆరోగ్యంగా, ఉత్సాహంగా ఉండేవారు. అది చూసి సంతోషించాలో దిగులుపడాలో తెలిసేది కాదు. ఎడమ సీటుకూ నాకూ అంత ఎడం.

ఆ రోజుల్లోనే ప్రైవేటు కంపెనీలు ఆకాశంలోకి రావడం మొదలైంది. ఒక కొత్త కంపెనీ నన్ను పిలిచింది. చేరితే నా నంబర్ మొదటి వరసలో ఉంటుంది, కమాండ్ శిక్షణ తొందరగా వస్తుంది. చిక్కల్లా జీతంతోనే. కాగితం మీద ఎక్కువే, చేతికి రావడమే ఆలస్యమని అప్పటికే చేరిన స్నేహితులు చెప్పారు. ఊళ్లో కందీ జొన్నా పండించే మా ఇంటివాళ్లకు, తేదీ తప్పకుండా కురిసే వాన నా జీతమే. జీతానికీ జీవితానికీ మధ్య ఉన్న ‘వి’ విమానంలోంచి వచ్చిందని నేను జోకులేసేవాణ్ని. ఆ వేసవిలో నాకే నవ్వు రాలేదు.

మా బావ యేసురత్నం నారాయణఖేడ్ డిపోలో బస్సు డ్రైవర్. నాగల్‌గిద్దలో నైట్ హాల్ట్ చేసి, అంటే రాత్రికి బండి అక్కడే ఆపుకొని, మర్నాడు పొద్దున ఇంటికొచ్చాడు. అక్క మార్తమ్మ వేడి జొన్నరొట్టె వడ్డిస్తోంది.

“ఏంది బామ్మర్దీ, మొఖం గట్ల వెట్టినవ్?” అన్నాడు బావ.

అంతా చెప్పాను. ఆయన నమలడం ఆపకుండానే విన్నాడు.

“గా కంపెనోళ్లయి సొంత బండ్లేనా?”

“కాదు బావా, కిరాయివి.”

“అయితే సేటు అడిగిననాడు వాపసియ్యాలె. నంబర్ అంటే ఏంది డేవిడూ, కిటికీల నుంచి సీటు మీద ఏసిన దస్తీ. బండి కదిలితెనే దానికి కిమ్మత్. కదలకుంటే దులుపుకొని దిగాలె. నెల నెల వచ్చే జీతం ఇడువకు. అయినా నువ్వు డ్రైవరువే గద, ఇగ నంబర్‌తోని నీకేం పని?”

“నేను డ్రైవర్‌ను కాదు బావా. కెప్టెన్ వేరే ఉంటడు.”

“కుడి దిక్కు గూసుంటనంటివి?”

అప్పుడు వెలిగింది నాకు. మన బస్సులో డ్రైవర్ కూర్చునేది కుడివైపు. ఎప్పుడో ఉద్యోగంలో చేరిన కొత్తలో “నాది కుడి సీటు” అని గొప్పగా చెప్పాను. దాన్ని బావ నమ్మాడు, డిపో నమ్మింది, బస్టాండ్‌లో చాయ్ హోటల్ కూడా నమ్మింది.

“ఇమానంల ఎడమ దిక్కు గూసున్నోడే పెద్ద” అన్నాను.

బావ చేతిలో రొట్టె ఆగిపోయింది. “అంటే గిన్నేండ్లు కండక్టర్ సీట్ల గూసున్నవా?”

అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. “మా బామ్మర్ది కెప్టెన్‌ను పక్కన కూసవెట్టుకొని తోల్తడని డిపో మొత్తం చెప్పుకుంటివి. ఇగ చూడు.”

“నేను గూడ నడుపుత బావా. లేపుత, దింపుత. ఏదన్న తేడా వస్తే ఏం చెయ్యాల్నో మాత్రం ఆయన చెప్తడు.”

“అంటే బ్రేకు ఆయన కాలి కిందనే ఉన్నది” అన్నాడు బావ. పప్పులో రొట్టె అద్దుకున్నాడు. తర్వాత, “అయితే పో” అన్నాడు.

“ఇప్పుడే గద పోవద్దంటివి?”

“ఇప్పుడే గద నువ్వు కుడి దిక్కంటే ఏందో చెప్పింది. నేను ఇంటికాడ ఉందామని రిక్వెస్ట్ ట్రాన్స్‌ఫర్ మీద ఈ డిపోకొచ్చిన. రిక్వెస్ట్ మీద వస్తే నంబర్ అడుగుకు పోతది. సీనియర్లు పట్నం బండ్లు ఏరుకున్నంక మిగిలింది నాకిస్తరు, గదే నాగల్‌గిద్ద. నంబర్ పోయింది గని స్టీరింగ్ పోలే. నీకు అసలు స్టీరింగే రాలేదాయె.”

“జీతం ఆగితే నీ పిల్లగాండ్లు ఏం తింటరు?” అని అడిగింది అక్క. అసలు ప్రశ్న అదే. జవాబూ తనే చెప్పింది. “జొన్నలు, కందిపప్పు నేను పంపుత. గవి తిని ఎవ్వలు సావలే. ముందుగాల సుగుణనడుగు.”

సుగుణ నా భార్య, పట్నంలో స్కూల్ టీచర్. అడిగాను. “ఒక జీతం నేల మీద ఉంది కదా, రెండోది కొన్నాళ్లు గాల్లో ఉన్నా నడుస్తది. కానీ ఉత్త నంబర్ చూసి పోకు” అంది. అందుకే కొత్త కంపెనీతో నంబర్ గురించి మాట్లాడలేదు. కమాండ్ శిక్షణ ఎప్పుడు మొదలుపెడతారో రాసివ్వమన్నాను. రాసిచ్చారు. చేరాను.

అన్నట్టుగానే శిక్షణ ఇచ్చారు, ఎడమ సీటు వచ్చింది. అనుకున్నట్టుగానే జీతం ఆగుతూ వచ్చింది. అక్క పంపిన జొన్నలతో మా పిల్లలకు రొట్టె అంటే ఇష్టమూ విసుగూ రెండూ ఏర్పడ్డాయి. కొన్నేళ్లకు విమానాల సొంతదారులు వాటిని వెనక్కి తీసుకుపోయారు, కంపెనీ మూతపడింది. నా మొదటి వరస నంబర్ దాంతోపాటే పోయింది. దస్తీ దులుపుకొని దిగాను. అయితే లాగ్‌బుక్‌లో కెప్టెన్‌గా నడిపిన గంటలు నాతోనే దిగాయి. వాటిని చూసే ఇంకో కంపెనీ నన్ను కెప్టెన్‌గా తీసుకుంది, వాళ్ల జాబితాలో అందరికన్నా కింద.

ఇప్పుడు కుర్ర పైలట్లు నంబర్ ముఖ్యమా జీతం ముఖ్యమా అని అడిగితే, ఇంట్లో ఒక జీతం నేల మీద ఉందా అని ముందు నేనే అడుగుతాను. ఉందంటే, నంబర్ కంపెనీది, జీతం ఆ నెలది, నడిపిన గంటలు మీవి అని చెప్తాను. లేదంటే ఆగమంటాను. నేనే సుగుణ జీతం లేకుండా వెళ్లుంటే ఈ సలహా ఇచ్చే ధైర్యం ఉండేది కాదు.

కొత్త చోట మొదటి క్రిస్మస్‌కు నాకు సెలవు దొరకలేదు. డ్యూటీ మధ్యలో నారాయణఖేడ్ బస్టాండ్ దగ్గరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి బావను పిలిపించాను.

“నంబర్ మల్ల అడుగుకు పోయింది బావా” అన్నాను.

“పోనీ తియ్. ఏ దిక్కు గూసున్నవ్?”

“ఎడమ దిక్కు.”

“గదే గావాలె” అన్నాడు. “ఒక్కటే పరేషాన్ డేవిడూ. మా బామ్మర్ది ఎడమ దిక్కుకొచ్చిండని డిపోల చెప్తె, ఏం తప్పు చేసిండు, కండక్టర్‌ను చేసిన్రు అని అడుగుతున్నరు.”