దీనికి తోడు

మా ఏజెన్సీ ఆసుపత్రికి నెలకోసారి విశాఖ నుంచి వచ్చే మానసిక వైద్యుణ్ణి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఘోరం కళ్లారా చూసి ఆ భయం వదలనివాళ్ల చేత, జరిగింది కొద్దికొద్దిగా చెప్పించడమే ఆయన వైద్యం. అది మంచి వైద్యమే. ఆయనకు మాత్రం అది నంజుకోవడానికేమీ లేని చప్పిడి కూడులా ఉండేది. అందుకని "దీనికి తోడు" అంటూ ఓ మాత్ర, "దీనికి తోడు" అంటూ ఓ సువాసన నూనె, ఇంకా కళ్లకు తగిలించే వీఆర్ పెట్టె. బ్యాగు తెరిస్తే సంతలో దుకాణమే. చెప్పేవాళ్ల ముఖం చూడ్డానికి ఆయనకు తీరికేదీ?

బొర్రా అవతలి కొండ మీద నుంచి ఒకావిడ వచ్చేది. వానలకు కొండచరియ విరిగిపడి ఆమె ఇల్లూ పెనిమిటీ ఒకేసారి పోయారు. అన్నాళ్లూ నోరు విప్పని మనిషి ఓ రోజు చెప్పడం మొదలుపెట్టింది.

"ముందల మట్టి వాసనొచ్చింది బాబూ..."

"దీనికి తోడు ఇది పెట్టుకోమ్మా, హాయిగా ఉంటుంది" అని ఆయన ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు.

అందులో వచ్చింది వాన చప్పుడు.

ఆవిడ కేకపెట్టి బల్ల కింద దూరింది. నర్సునైన నేను వంగి ఆ హెడ్‌ఫోన్లు లాగేశాను. ఆయన ఫోన్లో ఏదో పాట వెతుకుతూ మళ్లీ "దీనికి తోడు..." అన్నాడు.

"తోడు తోడంతన్నావు" అంది ఆవిడ బల్ల కింద నుంచే. "తోడంటే పక్కన మనిసి కూకోవాల గదా బాబూ?"

ఆయన బ్యాగులో వెతికాడు.